నైట్ హాల్ట్ బస్సు డ్రైవరుకు ఒక గది ఇద్దాం

గ్రామస్థులకు, ముఖ్యంగా పొద్దున ఐదింటి బస్సెక్కే ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి.

మొన్న సోమవారం మన ఫస్ట్ ట్రిప్పు బస్సు కాలవగట్టు మలుపులో అంచుదాకా పోయింది. డ్రైవరు ఆఖరి క్షణంలో స్టీరింగు కోసి బ్రేకు కొట్టబట్టి బతికాం. నిలబడ్డవాళ్లతో కలిపి అరవైమంది దాకా ఉన్నాం లోపల. అందరూ ఆయన మీదకి లేచారు. తాగొచ్చావా అని కూడా అడిగారొకరు. "దోమలండి బాబూ, రాత్రి మూడు గంటలు కూడా నిద్దర్లేదండి" అన్నాడాయన. ఆ మాట విని, అమలాపురంలో దిగి, ఎవరి పని మీద వాళ్లు వెళ్లిపోయాం.

మూడు గంటల నిద్ర. అరవైమంది ప్రాణాలు.

ఆయన ఎక్కడ పడుకుంటున్నాడో మీలో ఎంతమంది చూశారు? రాత్రి పదింటికి ఆఖరి ట్రిప్పు చేర్చి, కేరేజీలు విప్పుకుని నాలుగు మెతుకులు తిని, డ్రైవరూ కండక్టరూ ఆ బస్సులోనే నడుం వాలుస్తున్నారు. కండక్టరుకి వెనక పొడుగు సీటు. డ్రైవరు ఇంజను బానెట్ పక్కన కింద తువ్వాలు పరుచుకుంటాడు. ఆ ఇంజను వేడి ఎప్పటికో గానీ దిగదు. అద్దాలు మూస్తే ఉక్క, తీస్తే చేల మీది దోమ. మరుగుదొడ్డి లేదు. నాలుగింటికి లేచి సెల్‌ఫోను లైటు వేసుకుని కాలవగట్టుకి పోవాలి. షుగరున్న మనిషాయన. ఐదింటికల్లా బండి తీయాలి.

ఆ బస్సు రాత్రి మన ఊళ్లోనే ఆగాలని డిపోకి అర్జీ రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిన వాణ్ణి నేను. కాబట్టి ఈ సంగతి నేను వదిలిపెట్టలేను.

మనది రైలు లేని సీమ. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు వస్తుందని ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైపోయింది. ఆసుపత్రి డ్యూటీకెళ్లే నర్సులకీ, కాలేజీ పిల్లలకీ, కొట్లలో పనిచేసే ఆడవాళ్లకీ పల్లెవెలుగే దిక్కు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం మొదలయ్యాక ఆడవాళ్లు ధీమాగా బస్సెక్కుతున్నారు, సంతోషం. కానీ జనం పెరిగారని రోడ్డు పెరగలేదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, ఎదురుగా కొబ్బరికాయల లారీయో రొయ్యల వ్యానో. ఎవరో ఒకరు మార్జిను దిగితేనే రెండోవాళ్లు పోయేది. పట్టపగలు, ఒళ్లు తెలివిలో ఉన్నవాడికే కష్టమైన రోడ్డిది. దాని మీద మంచు పట్టిన చీకట్లో, మూడు గంటల నిద్రతో నడపమంటున్నాం.

"అది డిపో వాళ్ల పని, మనకెందుకు" అంటున్నారు కొందరు. వాళ్ల పనే. రాత్రి ఆగే చోట సిబ్బందికి విశ్రాంతి గది గానీ, తగిన వేరే వసతి గానీ యాజమాన్యమే చూపాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టంలో రాశారు. ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ రాశారు. దాని మీద మళ్లీ అర్జీ రాశాను, సంతకాలకి వస్తాను. అది కదిలేదాకా ఈ రాత్రులు ఎలా గడవాలో మీరే చెప్పండి.

కనుమకి ప్రభ కడుతున్నామంటే వేలకి వేలు తీసే ఊరు మనది. తప్పని నేననను. అదే ఊళ్లో రెండు దోమతెరలు కావాలని వాట్సాప్ గ్రూపులో అడిగితే దణ్ణం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. ఆ దణ్ణాలు నేనేం చేసుకోను? రేపు ఆ మలుపులో బ్రేకు అందకపోతే అప్పుడు కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తారా?

రామాలయం వెనక గది ఖాళీగా ఉంది. ఇవ్వడానికి కమిటీ ఒప్పుకుంది. సున్నం వేయించాలి, ఫ్యాను పెట్టాలి, రెండు మంచాలు, రెండు దోమతెరలు కావాలి. దొడ్లో మరుగుదొడ్డికి తలుపు లేదు, బిగించాలి. నెలనెలా కరెంటు బిల్లు ఎవరో ఒకరు పూచీ పడాలి. పిల్లలకి ఒక మాట: బస్సు తిప్పుకునే చోట బైకులు పెట్టకండి, అర్ధరాత్రి హారన్లు కొట్టి వాళ్లని లేపకండి.

ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి గుడి దగ్గరికి రండి. డబ్బులివ్వలేనివాళ్లు చీపురు పట్టుకు రండి. సోమవారం రాత్రికి వాళ్లిద్దరూ ఆ గదిలో పడుకోవాలి.