రంగు పూస్తే సరిపోతుందా?

రైల్వే ఆఫీసుల ముందు, స్టేషన్ల ఆవరణల్లో సిమెంటు దిమ్మెలెక్కిన ఆవిరి ఇంజన్లను మనమంతా చూస్తూనే వుంటాం. ఎప్పుడో ఒకసారి వాటికి నల్లరంగు పూస్తారు, ఎర్రగీతలు దిద్దుతారు. ఆ రంగు కింద తుప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే వుంటుంది. పొగగొట్టంలోంచి దిగిన వాననీరు లోపలి ఇనుమును తినేస్తుంది. ఇత్తడి సామాను ఎవరో విప్పుకుపోతారు.

"పాత ఇనుముకు అంత ఖర్చెందుకండీ?" అనేవారున్నారు. వారికి 'ఫెయిరీ క్వీన్' కథ చెప్పాలి. 1855లో ఇంగ్లండులో తయారైన ఆ ఇంజను 1909లో పని మానేసి, హౌరా స్టేషను బయట ఏళ్ళ తరబడి బొమ్మలా నిలబడింది. అదే ఇంజను 1997లో ఢిల్లీ నుంచి ఆళ్వారుకు ప్రయాణికుల్ని లాగింది! 2011లో దాని భాగాలు చోరీ అయితే, బాగుచేసి 2017లో మళ్ళీ నడిపారు. ఇక మనవల్ల కాదనడానికి వీల్లేదు.

అలాగని ప్రతి ఇంజనూ పరుగెత్తాలని నేననను. పాత బాయిలరును మళ్ళీ ఆవిరికి తట్టుకునేలా చెయ్యడం చౌకబేరం కాదు. కాని తలమీద రేకుల కప్పు, పొగగొట్టానికి మూత, కీళ్ళకు ఏటా గ్రీజు... ఇవి కూడా మోయలేని బరువా?

అసలు నష్టం వేరే వుంది. బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బళ్ళు 1995లో ఆగిపోయాయి. నిప్పుగూటిలో బొగ్గెలా పరవాలో చేతులకు తెలిసిన ఫైర్‌మన్లు, ఫిట్టర్లు ముసలివారైపోతున్నారు. తుప్పును గీకి తీయొచ్చు. వాళ్ళతో పోయే పనితనాన్ని ఏ వర్కుషాపు తిరిగి తెస్తుంది?

మిత్రులారా! ఈ సెలవుల్లో మీ ఊళ్ళో అలాంటి పెద్దాయన ఒకరి దగ్గర కూర్చోండి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. రేపు ఇంజను బాగుచేసేవాడికి ఆ నోటుపుస్తకమే మొదటి పనిముట్టు.