అబద్ధ బోధకులు: సిద్ధాంతంతో పాటు నడత



అబద్ధ బోధకుణ్ణి అతని సిద్ధాంతాన్ని బట్టే పోల్చుకోవాలన్న గత సంచిక వ్యాసంలోని వాదన సగమే నిజం. తొలి క్రైస్తవ సంఘాల నియమావళిగా, అపొస్తలుల ఉపదేశంగా పేరొందిన చిన్న గ్రీకు గ్రంథం 'డిడాఖే' బోధను పరిశీలించమంటూనే, ఊరూరా తిరిగే బోధకుడు రెండు రోజులకు మించి ఆతిథ్యం పొందినా, వెళ్లేటప్పుడు దారిబత్తెంగా రొట్టె కాక డబ్బు అడిగినా అతడు అబద్ధ ప్రవక్తేనని తేల్చింది. ఆత్మావేశంలో, అంటే దేవుని ఆత్మే తనను పలికిస్తున్నదన్న స్థితిలో, విందు సిద్ధం చేయమని ఆజ్ఞాపించి దాన్ని తానే భుజించేవాడూ ఆ కోవలోనివాడే; ఇలాంటి నియమం పుట్టిందంటే అటువంటి ప్రవక్తలు అప్పటికే తారసపడి ఉండాలి! ఆత్మావేశంలో పలుకుతున్న ప్రవక్తను పరీక్షించడాన్ని కూడా అదే గ్రంథం నిషేధించింది కనుక, మాటను తూచలేని చోట నడతను తూచడమే సంఘానికి మిగిలిన మార్గమైంది. అయితే అవసరంలో ఉన్న ఇతరుల కోసం అడిగేవాణ్ణి మాత్రం ఎవరూ తప్పుపట్టరాదన్నది.

ఫిలోథియోస్ బ్రయెన్నియోస్ 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దీని ప్రతిని కనుగొని 1883లో ప్రచురించాడు కనుక ఇది అందుబాటులో లేని ఆధారమేమీ కాదు. వ్యాసకర్త ఇందులోని 11వ అధ్యాయాన్ని పరిశీలించి తన వాదనను సవరించడం సముచితం.

— ఒక పాఠకుడు