ఆట చూస్తున్న వైద్యుడు

సుమతీ శతకకారుడు ఏ ఊళ్ళో నివసించవచ్చునో చెబుతూ, అక్కడ ఉండి తీరవలసిన వారిలో వైద్యుణ్ణి కూడ చేర్చాడు. ఊళ్ళో ఉంటే చాలునన్నాడు గాని, మన ప్రక్క కుర్చీలోనే కూర్చుని మనతోపాటు క్రికెట్టు చూడాలని ఆయన కోరలేదు. మాకు ఆ భాగ్యం కూడ కలిగింది. మ్యాచి ఉన్న రోజున మా వీధిలో ఒక విశ్రాంత పోస్టుమాస్టరుగారి ముందుగదిలో ఆరేడుగురం చేరుతాము. అందులో ఒకరు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన డాక్టరుగారు. ఆయనకు ఆటంటే ప్రాణం. మాకు ఆటతోపాటు ఆయనంటే కూడ ప్రాణమే. ఎందుకంటే ఓవరుకు ఓవరుకు మధ్య ఆయనను ఏదైనా అడగవచ్చు, టోకెను లేదు, ఫీజు లేదు.

ఇటీవల మా బంధువర్గంలో ఒక న్యాయవాది కుర్రవాడు ఈ వ్యవహారమంతా విని పెదవి విరిచాడు. "బాబాయిగారూ, వైద్యుడనేవాడు తన గది దాటి బయటికి వచ్చాక నోరు మూసుకోవాలి. ఆట చూడటానికి వచ్చి మందులు చెప్పటం తప్పు" అన్నాడు. అతని మాటలో సగం నిజముంది. మిగిలిన సగంతోనే నాకు పేచీ. ఆ పేచీ కోసమే ఈ టపా.

ముందుగా, ఆట చూసేవాళ్ళకు వైద్యుడితో పనేమిటని అడిగేవారుంటారు. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు జరిగినప్పుడు మ్యూనిక్ పరిసరాలలోని వైద్యులు ఒక లెక్క తీశారు. జర్మనీ జట్టు ఆడిన రోజులలో అక్కడ గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకంటె 2.66 రెట్లు వచ్చాయి. పురుషులలో 3.26 రెట్లు, స్త్రీలలో 1.82 రెట్లు. ఆట మొదలైన తరువాతి రెండు గంటలలో ఎక్కువగా వచ్చాయి. అప్పటికే గుండెజబ్బు ఉన్నవారి మీద దెబ్బ మరీ గట్టిగా పడింది. ఈ వివరాలు 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అంతకు ముందు 1998లో అర్జెంటీనా చేతిలో పెనాల్టీలతో ఇంగ్లండు ఓడిపోయిన రోజునా, దాని తరువాతి రెండు రోజులలోనూ అక్కడి ఆసుపత్రులలో గుండెపోటుతో చేరినవారు సుమారు 25 శాతం పెరిగారని మరో పరిశీలన. పరిగెత్తేది వాళ్ళు, రొప్పేది మనమూ అన్నమాట!

మా గదిలో ఈ లెక్కలు తెలిసినవారు డాక్టరుగారొక్కరే. మ్యాచికి ముందు ఆయన చెప్పే మాటలు ఎప్పుడూ ఇంచుమించు ఒక్కటే. రాత్రి వేసుకోవలసిన బి.పి. మాత్రను ఆట అయ్యాక వేసుకుందామని దాటవేయకండి (ఐ.పి.ఎల్. ఆటలు మొదలయ్యేదే రాత్రి ఏడున్నరకు, ముగిసేసరికి సగంమంది నిద్రలోకి జారుకుంటారు). నాలుగు గంటలు కదలకుండా కూర్చోకండి, వికెట్టు పడినప్పుడైనా లేవండి. మిరపకాయ బజ్జీల పళ్ళెం ఒక్కరి ముందే పెట్టుకోకండి. ఛాతీలో నొప్పి వస్తే ఇన్నింగ్సు పూర్తి కానిమ్మని ఆగకండి. ఈ మాటలు అందరికీ వర్తించేవి. ఎవరు విన్నా నష్టం లేదు, ఎవరు మరొకరి చెవిన వేసినా ప్రమాదం లేదు. న్యాయవాది కుర్రవాడు ఇటువంటి మాటలను కూడ నిషేధిస్తానంటే నేను ఒప్పుకోను. వైద్యుడు మౌనం వహించినంత మాత్రాన ఆ గదిలో వైద్యం ఆగిపోదు. ఆయన ఖాళీ చేసిన పీఠాన్ని మరొకరు ఆక్రమిస్తారు. మెంతులు నానవేసి త్రాగమనేవారొకరు, తమ బావమరిదికి తగ్గిన మాత్ర పేరు చెప్పేవారొకరు.

నేనూ అటువంటి పీఠం ఒకసారి ఎక్కాను. దాని సంగతి చెప్పాలి.

2019 జులై 9న మాంచెస్టరులో న్యూజీలాండుతో ప్రపంచకప్పు సెమీఫైనలు. 46.1 ఓవర్లయ్యాక వాన వచ్చి ఆట మరునాటికి పోయింది. వాన ఆగుతుందేమోనని చూస్తూ కూర్చున్న సమయంలో పోస్టుమాస్టరుగారు మోకాలు పట్టుకుని మూలిగారు. డాక్టరుగారు డైక్లోఫెనాక్ మాత్ర పేరు చెప్పి, భోజనం తరువాత పూటకొకటి చొప్పున రెండుపూటలా అయిదు రోజులు వేసుకోండన్నారు. బడిపంతులు బుద్ధి కదా, నేను నా చేతిలోని కాగితం మీద దానిని వ్రాసుకున్నాను. వ్రాసుకోవటం తప్పు కాదు. నాలుగు రోజుల తరువాత మా తోడల్లుడుగారు ఫోనులో మోకాళ్ళ నొప్పుల మాటెత్తగానే, మా డాక్టరుగారు చెప్పారండీ అంటూ ఆ కాగితం చదివి వినిపించాను. తప్పు అక్కడ జరిగింది.

పోస్టుమాస్టరుగారిని డాక్టరుగారు పదిహేనేళ్ళుగా ఎరుగుదురు. ఆయనకు చక్కెర లేదు, బి.పి. లేదు, మూత్రపిండాలు బాగున్నవని రెండు నెలల క్రితమే పరీక్ష చేయించారు. మా తోడల్లుడుగారికి చక్కెర ఇరవై ఏళ్ళనుండి ఉంది. బి.పి.కి రామిప్రిల్, దానితోపాటు మూత్రం జారీ చేసే మాత్ర వాడుతున్నారు. ఆ మాత్ర వేసుకుంటే నొప్పి హాయిగా తగ్గుతున్నదని అయిదు రోజులను మూడు వారాలు చేశారు. పాదాలు పొంగాయి, అన్నం సయించలేదు. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 3 దాటింది. మూత్రపిండాలలోకి రక్తాన్ని తెచ్చే సన్నని నాళాలు ముడుచుకుపోకుండ శరీరం ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలను వాడుకుంటుందట. ఈ జాతి నొప్పి మాత్రలు ఆ పదార్థాలనే ఆపుతాయి. అసలే బలహీనంగా ఉన్న మూత్రపిండం, పైన ఆ రెండు బి.పి. మందులు, వాటికి తోడు ఇది. మూడూ కలిసి మీద పడ్డాయి.

(అన్నట్లు, మన రాబందులను ఇంచుమించు తుడిచిపెట్టింది కూడ ఈ డైక్లోఫెనాకే. పశువులకు నొప్పికని ఇచ్చేవారు. చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయేవి. 2006లో పశువైద్యంలో దీనిని మనదేశంలో నిషేధించారు. జటాయువు వంశానికి రావణుడు చేయలేని హాని ఒక చిన్న మాత్ర చేసింది. పశువుకు ఇచ్చిన మందు పక్షి కడుపులోకి వెళ్ళినట్లే ఒకరికి చెప్పిన మందు ఇంకొకరి కడుపులోకి వెళ్ళింది.)

గుంటూరులో మూత్రపిండాల వైద్యుడు ఈ మాత్ర ఎవరు వ్రాశారని అడిగితే, "మా తోడల్లుడు, తెలుగు మాస్టారు" అని ఆయన చెప్పారట. మా వదినగారు నాకు ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో నింద లేదు. ఉంటే బాగుండేది. నెలన్నరకు ఆయన కోలుకున్నారు గాని, మునుపటి స్థితికి రాలేదు. ఇప్పటికీ మూడు నెలలకొకసారి రక్తపరీక్ష తప్పదు, ఉప్పు తప్పదు, అంటే మానటం తప్పదు.

డాక్టరుగారితో ఈ సంగతి చెప్పటానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆయన కోపగించుకోలేదు. "మాస్టారూ, నేను ఆ మాట ఎవరికి చెప్పాను?" అని ఒక్కటే అడిగారు.

వ్యాకరణం చెప్పి పొట్టపోసుకున్నవాణ్ణి. క్రియను చూచి, కర్మను చూచి, ఎవరికి అనే విభక్తిని చూడకుండ వదిలేశానన్నమాట. చరకుడు రోగాన్ని తెలుసుకొనే దారులు మూడన్నాడు: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. మనం మొదటిదానిని పట్టుకుని ఆప్తుడు చెప్పాడు కదా చాలుననుకుంటాము. కాని అక్కడ ఆప్తుడంటే మనకు దగ్గరివాడని అర్థం కాదు, నిస్సంశయమైన జ్ఞానం కలవాడని. మిత్రుడు వైద్యుడైతే రెండర్థాలూ ఒకరిలోనే కలుస్తాయి కాబట్టి మనకు తేడా తెలియదు. ఇక వాగ్భటుడు రోగిని పరీక్షించటానికి చూడటం, తాకటం, అడగటం మూడూ కావాలన్నాడు. ఆట చూస్తున్న వైద్యుడి కళ్ళు తెర మీద ఉంటాయి, చేతిలో టీ గ్లాసు ఉంటుంది. మిగిలింది అడగటమొక్కటే. అదీ ఆయన మనల్ని అడగడు, మనమే ఆయన్ని అడుగుతాము!

2020 మార్చి 25న మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. దూరంనుండి వైద్యం చేయటాన్ని అవి తప్పనలేదు. కాని రోగి ఎవరో, వయసెంతో తెలుసుకోమన్నాయి, చెప్పినదానిని నమోదు చేసి ఉంచమన్నాయి, స్వయంగా చూడవలసిన కేసైతే రమ్మని చెప్పమన్నాయి. ఫోనులో జరిగే సంప్రదింపుకే ఇన్ని ఆంక్షలుంటే, సిక్సరుకు సిక్సరుకు మధ్య జరిగే సంప్రదింపుకు ఎన్ని ఉండాలి?

అయితే నోరు మూసుకోవలసిందేనా? ఇక్కడ నాకు లండనులో జరిగిన ఒక ఘటన జ్ఞాపకం వస్తుంది. 2012 మార్చి 17న టాటెన్‌హామ్ మైదానంలో ఆడుతూ బోల్టన్ జట్టు ఆటగాడు ఫాబ్రిస్ మువాంబా కుప్పకూలాడు. వయసు 23. గుండె ఆగిపోయింది. గాలరీలో టాటెన్‌హామ్ అభిమానిగా ఆట చూస్తున్న ఆండ్రూ డీనర్ అనే హృద్రోగ నిపుణుడు, కాపలావాళ్ళకు నచ్చజెప్పి మైదానంలోకి దిగాడు. అప్పటికే పనిలో ఉన్న వైద్యబృందంతో చేయి కలిపాడు. దగ్గరి ఆసుపత్రికి కాక, తాను పనిచేసే లండన్ చెస్ట్ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. 78 నిమిషాలు గుండె తనంతట తాను కొట్టుకోలేదు. మనిషి బ్రతికాడు. పడినవాడు ఎదుటి జట్టువాడు. డీనర్ గాలరీలోనుండి కేకవేసి సలహా చెప్పలేదు, మెట్లు దిగి వెళ్ళి చేతులతో తాకాడు. అభిమానిగా కూర్చున్నవాడు వైద్యుడిగా లేచాడు.

మా ముందుగదిలోనూ ఒకసారి అలా లేచిన ఘట్టం ఉంది. 2023 నవంబరు 19, అహ్మదాబాదులో ప్రపంచకప్పు ఫైనలు. మనవాళ్ళు 240కి ఆలవుటయ్యారు. ఆస్ట్రేలియా 47 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకునేసరికి గదిలో ఎవరూ కుర్చీలో లేరు. బియ్యం కొట్టు నడిపి మానుకున్న మిత్రుడొకరున్నారు, అందరం బావగారంటాము. ఆయన మాత్రం కూర్చుని గుండె మీద అరచేత్తో రుద్దుకుంటున్నారు. "గ్యాసండీ, మధ్యాహ్నం గోంగూర వేసుకున్నాను. డాక్టరుగారూ, ఏదైనా మాత్ర చెప్పండి, పిల్లవాణ్ణి పంపుతాను" అన్నారు. అంతకుముందైతే డాక్టరుగారు తెరవైపు చూస్తూనే ఒక పేరు చెప్పి ఉండేవారేమో. ఆ రోజు తల తిప్పి చూశారు. నుదుటి మీద చెమట చూశారు. లేచి వెళ్ళి మణికట్టు పట్టుకున్నారు. నొప్పి దవడలోకి పోతున్నదా, ఎడమ భుజంలోకి పోతున్నదా, ఎప్పటినుండి, కడుపులో పుండ్లున్నవా, రక్తం పలచబడే మందులేవైనా వాడుతున్నారా, ఆస్పిరిన్ పడదా అంటూ వరుసగా అడిగారు. తరువాత టీవీ కట్టేయమన్నారు. ఆ గదిలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే.

"గ్యాసే కావచ్చు. కాని ఇక్కడ కూర్చుని అది గ్యాసని నేను చెప్పలేను. ఈ.సీ.జీ. చెప్పాలి" అన్నారు. 108కి ఫోను చేయించారు. తన సంచిలోనుండి ఆస్పిరిన్ తీసి బావగారిచేత నమిలించారు. నాకు అలవాటు చొప్పున చేయి జేబులోని కలం మీదికి పోయింది. ఎన్ని మిల్లీగ్రాములండీ అని అడగబోయాను. ఆయన బావగారి నాడి వదలకుండానే నావైపు చూచి, "మాస్టారూ, వ్రాసుకోవద్దు" అన్నారు.

కలం జేబులోనే ఉండిపోయింది.

బావగారికి ఆ రాత్రే గుంటూరులో స్టెంటు వేశారు. ట్రావిస్ హెడ్ 137 పరుగుల ఆట ఆయన చూడలేదు. చూచి ఉంటే రెండవ స్టెంటు కూడ కావలసి వచ్చేదని పోస్టుమాస్టరుగారి పరిహాసం. ఇప్పుడు మళ్ళీ అందరం చేరుతున్నాము. ఎవరైనా ఓవరు మధ్యలో నడుము నొప్పనో, తల తిరుగుతున్నదనో మొదలుపెడితే డాక్టరుగారు వేలెత్తి ఆపుతారు. "రేపు ఉదయం ఎనిమిది గంటలకు మా ఇంటికి రండి, వాడుతున్న మందుల సంచి తెచ్చుకోండి" అంటారు. కాఫీ మాత్రం అక్కడ కూడ ఉచితమే. క్రిందటి వారం నేనూ వెళ్ళాను, సంచితో సహా.