ఋణము పడవను విడువదు

విశాఖపట్టణపు చేపల రేవులో ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు వేట నిషేధము సాగు 61 దినములును పాత పడవను తీరికగా చూచికొనుటకు అనువైన కాలము. కొనవచ్చినవాడు అడుగుచెక్కను వ్రేలి కణుపుతో తట్టి చెవి యొగ్గి వినును; ఇంజనును రెండుమూడు మార్లు త్రిప్పించి పొగ రంగును పరికించును; తాళ్లను లాగి చూచును. ఇంతటి నేర్పరియు రిజిస్ట్రేషను కాగితము చేతికి వచ్చునప్పటికి, అమ్మువాని పేరు కనబడిన చాలునని దానిని మడిచి జేబులో నుంచుకొనును. చెక్కకు పట్టిన పుచ్చుకంటె కాగితమునకు పట్టిన పుచ్చు ప్రమాదకరమని నా అభిప్రాయము.

అమ్మువానికి లేని హక్కు కొనువానికి సంక్రమింపదనుట 1930 నాటి వస్తు విక్రయ చట్టము మనకు నేర్పిన సామాన్య సూత్రము. కాలముచేసిన తండ్రి పేరనే మిగిలిన పడవను ఒక కుమారుడు విక్రయించినచో తక్కిన వారసులు వ్యాజ్యమునకు దిగవచ్చును. అప్పు తీరని పడవయైనచో బాంకువారు క్రొత్త యజమాని గుమ్మము త్రొక్కవచ్చును. ఇవి మెట్టమీది వాహనములకును ఉన్న చిక్కులే.

సముద్రన్యాయము ఇంతకంటె విచిత్రమైనది. అందు బాకీదారు మనుష్యుడు కాడు, పడవయే. సరంగునకును కళాసీలకును చెల్లింపని జీతములు, పడవ నడపుటలో సంభవించిన ప్రాణనష్టమునకు పరిహారము, ఆపదలో దానిని గాచినవారికి రావలసిన ప్రతిఫలము, రేవు సుంకములు మున్నగునవి 2017 నాటి అడ్మిరాల్టీ చట్టము 9వ సెక్షను ననుసరించి పడవనే అంటిపెట్టుకొని, యజమాని మారినను రిజిస్ట్రేషను మారినను విడువక, సామాన్యముగా ఒక యేడు, జీతముల విషయమున రెండేండ్లు నిలిచియుండును. హైకోర్టు ఉత్తరువుపై పడవను అరెస్టు చేయుదురు. మనుష్యులకే చెల్లుననుకొన్న ఆ మాట పడవకును చెల్లునని విని నవ్వువారు గలరు గాని, సొమ్ము పోసి కొన్నవానికి అది నవ్వులాట కాదు. అన్నిటికంటె కష్టమేమనగా, పడవ నంటిపెట్టుకొను ఈ హక్కు పుట్టుటకు పత్రము అక్కఱలేదు, సంతకము అక్కఱలేదు. ఏ కచ్చేరీ పుస్తకమును తిరుగవేసినను అది కానరాకపోవచ్చును.

కావున పత్రముగల బాంకు తాకట్టునైనను ప్రభుత్వమువారు రిజిస్ట్రేషను కాగితముపైననే అచ్చొత్తించుట న్యాయము. పత్రము లేని బాకీల మాటకు వచ్చినచో, కొనువారలారా, బయానా చేతిలో పెట్టుటకు ముందు, గడచిన రెండేండ్లలో ఆ పడవ నెక్కిన సరంగును కళాసీలను టీ కొట్టు దగ్గఱ కలిసికొని, మీకు రావలసినదేమైన నున్నదా యని అడుగుడు. లేదన్నచో ఆ మాటను సంతకముతో వ్రాయించుకొనుడు.