రంగారావు దించిన గొంతు

ఎస్వీ రంగారావు అనగానే ముందు గుర్తొచ్చేది ఘటోత్కచుడు, ఆ వెంటనే నేపాళ మాంత్రికుడు. రెండూ పెద్ద గొంతు పాత్రలే. అందుకేనేమో గంభీర కంఠం, భారీ విగ్రహం అని చెప్పి ఆయనను సరిపెట్టేస్తున్నాం. మా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం ఆ గొంతును ఎక్కడ దించాలో తెలియడం. ఆ తెలివి నాటకం ఇచ్చింది.

1918 జులై 3న నూజివీడులో పుట్టిన రంగారావు చిన్నతనంలోనే మద్రాసు వచ్చి తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో చదువుకున్నారు. స్టూడియోల మద్రాసు కంటే ముందు బడి మద్రాసు ఆయనకు తెలుసు. తరువాత కాకినాడలో డిగ్రీ, అక్కడే యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలు. షేక్స్పియర్ పాత్రలు, వాటిలో షైలాక్, ఆయనకు పేరు తెచ్చాయి. పొట్టకూటికి అగ్నిమాపక శాఖలో ఉద్యోగం. 1946లో 'వరూధిని'తో సినిమాకు వచ్చారు. అది ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో చేరారు. అక్కడే ఉండిపోయి ఉంటే మనకు ఏమి మిగిలేదో తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

మళ్లీ వచ్చారు. 1951లో 'పాతాళభైరవి'. ఆ మాంత్రికుడి వంగిన చూపులో, లెక్క చూసుకుంటూ మాట్లాడే తీరులో మాకు షైలాక్ కనిపిస్తాడు. వేదిక మీద వెనక వరుసకు వినపడాలని పలికిన అక్షరాన్ని కెమెరా ముందు కనురెప్పకు అప్పగించడం చిన్న సాధన కాదు. నాలుగేళ్లకే 'మిస్సమ్మ'లో జమీందారు గోపాలం. కూతురిని పోగొట్టుకున్న తండ్రి. ఆ పాత్రలో ఒక్క మాటా గట్టిగా వినిపించాల్సిన పని లేదు. 'గుండమ్మ కథ' (1962)లో ఇద్దరు కొడుకుల తండ్రిగా ఆయన కుర్చీలో కూర్చుంటే చాలు, ఇల్లంతా ఆయన చెప్పినట్టు నడుస్తుంది. మరుసటి ఏడాదే 'నర్తనశాల'లో కీచకుడు! జకార్తాలో జరిగిన చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిన పాత్ర అది.

'మాయాబజార్' తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది, రెండింటా ఘటోత్కచుడు ఆయనే. తమిళ ప్రేక్షకులు ఆయనను తమవాడనే అనుకున్నారు. 'పడిక్కాద మేదై', 'నానుమ్ ఒరు పెణ్' చూసిన పెద్దలు ఇప్పటికీ అలాగే అంటారు. రెండు భాషల మధ్య బతికే మన చెన్నై తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి మనిషి ఎవరున్నారు? 1974 జులై 18న ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

ఆంధ్ర నుంచి వచ్చే బస్సులు ఇప్పుడు మన మాధవరంలో ఆగుతున్నాయి. దిగే పిల్లల్లో నటన మీద ఆశ ఉన్నవాళ్లు తప్పక ఉంటారు. వాళ్లకు ఆడిషన్ గదులు దొరుకుతాయి, వేదిక దొరకదు. ఈసారి రంగారావు వర్ధంతికి ఇక్కడి తెలుగు సంఘాలు పాటల కచేరీని పక్కనపెట్టి, ఒక నాటకం వేయించాలి. షైలాక్ న్యాయస్థానం ఘట్టం తెలుగులో. మైకులు లేకుండా, చిన్న హాల్లో, కొత్త పిల్లలతో. ఆడతామన్నవాళ్లు మా కార్యాలయానికి రండి. ప్రతి సంచిక వెనక అట్ట మీద వాళ్ల పేర్లు అచ్చువేస్తాం.