శిక్షణ చివర జవాబు ఉండాలి: తయారీ పరిశ్రమల కోసం ఒక ప్రణాళిక

పాలిటెక్నిక్ మూడో సంవత్సరంలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణకు వచ్చే విద్యార్థిని మన కర్మాగారాలు రెండు రకాలుగా చూస్తాయి. కొన్నిచోట్ల నాలుగు రోజులు చూసిపోయే అతిథి. మరికొన్నిచోట్ల ఖర్చు లేకుండా దొరికిన చేతికింద మనిషి. ఈ రెండు చూపులూ తప్పని మా అభిప్రాయం. చిన్న, మధ్యతరహా తయారీ పరిశ్రమలు నడిపేవాళ్లం, పాలిటెక్నిక్, ఐటీఐలలో పాఠాలు చెప్పేవాళ్లం కలిసి ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం. ఆ ఆరు నెలలు నిజానికి ఉద్యోగ నియామకంలో భాగమే. అయినప్పుడు దాన్ని నియామకంలాగే నడపాలి: ఎంపిక అందరికీ తెలిసేలా జరగాలి, పనికి స్టైపెండు ఉండాలి, నేర్పే బాధ్యత ఒకరి మీద పెట్టాలి, చివరి రోజున తీసుకుంటున్నామో లేదో కాగితం మీద చెప్పాలి.

నియామకం ఎందుకంటున్నామంటే, జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో ఒక మెషిన్ షాపుకు మనిషిని తీసుకోవడం ఎంత గుడ్డిగా జరుగుతుందో మాకు తెలుసు గనక. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో కుర్రాడు బాగా మాట్లాడతాడా లేదా అన్నది తెలుస్తుంది. మొదటి జాబ్ కొలిచాకే బ్యాచ్ నడుపుతాడా, మెషిన్ శబ్దం మారితే ఆపుతాడా, పాడైన ముక్కను సూపర్‌వైజర్‌కు చూపిస్తాడా లేక స్క్రాప్ డబ్బాలో అడుగున తోస్తాడా అన్నవి తెలియవు. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, అది ఏ మార్కుల జాబితాలోనూ కనిపించదు. అటు విద్యార్థికీ పరీక్షే: రేకుల షెడ్డులో వేసవి ఎలా ఉంటుందో, రెండో షిఫ్టు అయ్యాక బస్సు దొరుకుతుందో లేదో, పైవాడి నోరు ఎలాంటిదో చూసి చేరినవాడు రెండో నెలలో చెప్పకుండా మానేయడు. ఈ విషయంలో జర్మనీని అందరూ ఉదాహరణగా చెబుతారు. కానీ అక్కడ 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం కింద శిక్షణార్థికి ఒప్పందం ఉంటుందని, మూడు, మూడున్నరేళ్లపాటు నెలనెలా డబ్బు అందుతుందని, చివరి పరీక్షను కంపెనీ కాక పరిశ్రమల ఛాంబర్ పెడుతుందని చెప్పేవాళ్లు తక్కువ. ఈ మూడూ తీసేస్తే మిగిలేది మన పద్ధతే.

మన చట్టం సగం దూరం వచ్చి ఆగింది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షన్ అప్రెంటిస్‌ను శిక్షణార్థిగానే గుర్తిస్తుంది, కార్మికుడిగా కాదు. అయితే శిక్షణ పూర్తిచేసినవారిని ఉద్యోగంలోకి తీసుకునే విషయంలో ప్రతి యాజమాన్యం సొంత విధానం రూపొందించుకోవాలని 2014లో సవరించిన 22వ సెక్షన్ చెబుతోంది. మిగతా అర్హతలు సమానమైతే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ విధానాన్ని రాసి గేటు దగ్గర అంటించిన కర్మాగారాలు ఎన్ని? మేము అంటిస్తాం. కాలేజీ తరఫున వచ్చే విద్యార్థి ఆ చట్టం పరిధిలోకి రాకపోయినా అదే విధానం వర్తింపజేస్తాం.

కార్మిక సంఘాల అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. శిక్షణ పేరుతో చౌక శ్రమ దొరుకుతుంటే పర్మినెంటు ఉద్యోగాలు ఎవరిస్తారని వారు అడుగుతున్నారు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2013లో పరిశ్రమల్లో ట్రైనీలకు శిక్షణ ఇప్పించే నీమ్ పథకం తెచ్చింది. ట్రైనీలను రెగ్యులర్ కార్మికుల స్థానంలో వాడుకుంటున్నారన్న విమర్శలు ఏళ్ల తరబడి వచ్చాయి. చివరికి మండలే దాన్ని ఎత్తివేసింది. అందుకే మాకు మేమే హద్దులు గీసుకుంటున్నాం. శిక్షణలో ఉన్నవారిని ఉత్పత్తి లక్ష్యంలో లెక్కపెట్టం. ప్రెస్, బాయిలర్, రియాక్టర్ దగ్గర ఒంటరిగా నిలబెట్టం. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో కర్మాగారాల్లో జరిగిన పేలుళ్ల తర్వాత ఈ మాటకు వేరే సమర్థన అక్కర్లేదు. అన్నిటికన్నా కఠినమైన నియమం ఇది: వరుసగా రెండు బ్యాచ్‌లలో ఒక్కరికీ ఉద్యోగం ఇవ్వని కర్మాగారం మూడో బ్యాచ్‌ను అడగకూడదు, అడిగినా కాలేజీ పంపకూడదు. అవసరం లేనిచోట ఎంపిక పేరుతో ఆశ పెట్టడం మోసం.

శిక్షణే ఉద్యోగానికి దారి అయితే, ఆ దారిలోకి ఎవరు అడుగుపెడతారన్నది తేలాలి. ఇవాళ చాలాచోట్ల అది సిఫార్సు మీద నడుస్తోంది. మేనేజరు బంధువు కొడుకుకు, సొంత ఊరివాడికి, సొంత కులంవాడికి సీటు ముందే దొరుకుతుంది. ఎవరూ తెలియని విద్యార్థి ఏదో ఒక సంస్థ లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ సంపాదించుకుని ఊరుకుంటాడు. హాస్టల్ లేక, రాత్రి బస్సు లేక అమ్మాయిలు అక్కడే ఆగిపోతున్నారు. కాబట్టి ఖాళీల సంఖ్య, పని వివరం, స్టైపెండు ముందే కాలేజీ నోటీసు బోర్డు మీదకు రావాలి. బస, రవాణా చూపలేని సంస్థ అమ్మాయిలు రావడం లేదని ఫిర్యాదు చేయకూడదు.

ఇక మా తోటి యజమానుల మాట: మేం నేర్పుతాం, పెద్ద కంపెనీ రెండు వేలు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతుంది. నిజమే, పోతారు. దానికి మనవాళ్లు కనిపెట్టిన మందు బాండ్ రాయించుకోవడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం. ఆ రెండూ మేము చేయం. అలా ఆపిన మనిషి మెషిన్ ముందు నిలబడతాడు గానీ పని మీద మనసు పెట్టడు. ఖర్చు విషయానికొస్తే, జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అప్రెంటిస్ స్టైపెండులో నాలుగోవంతు, నెలకు 1,500 రూపాయల వరకు కేంద్రం భరిస్తోంది. 2019 నిబంధనల ప్రకారం నలుగురు పనిచేసే షాపు కూడా అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు. ముప్ఫైమంది, అంతకుమించి ఉంటే తప్పనిసరి. చదువు ఒక కంపెనీ అవసరానికి కుదించుకుపోకూడదన్న అధ్యాపకుల ఆందోళననూ మేము అంగీకరిస్తున్నాం. అందుకే శిక్షణ మార్కులు కాలేజీవే, ఉద్యోగ నిర్ణయం కర్మాగారానిది. తీసుకోలేకపోయినవారికి ఏం నేర్చుకున్నారో, ఏ మెషిన్ మీద ఎన్నాళ్లు పనిచేశారో రాసిస్తాం. అది ఇంకో గేటు దగ్గర పనికొస్తుంది.

విద్యార్థులకు ఒక విజ్ఞప్తి. శిక్షణకు వెళ్లే ముందు మూడు ప్రశ్నలు అడగండి: స్టైపెండు ఎంత, నాకు నేర్పేది ఎవరు, పోయిన బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకున్నారు. జవాబు చెప్పని సంస్థ పేరు మీ ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి, మరుసటి ఏడాది అక్కడికి ఎవరినీ పంపవద్దని కోరండి.