గురి తప్పని చెంపదెబ్బ

పామర్రు సెంటర్లో టీ కొట్టు దగ్గర యాభై దాటినవాళ్ళు నలుగురు చేరి, మాట టీవీ మీదికి మళ్ళిందంటే తీర్పు సిద్ధంగా ఉంటుంది. ‘ఆ రోజుల్లో డిటెక్టివ్ సీరియళ్ళంటే సీరియళ్ళేనండీ. కరంచంద్, బ్యోంకేశ్ బక్షీ, సీఐడీ. ఇంటిల్లిపాదీ కూచుని చూసేవాళ్ళం. రక్తం లేదు, బూతు లేదు. బుర్రకి పదును పెట్టేవి. ఇప్పుడో, ఫోన్ తెరిస్తే నరుకుడే.’ గుడివాడలో అడిగినా, బందరులో అడిగినా, అవనిగడ్డలో అడిగినా ఇదే పాట. ఈ మాటలో ప్రేమ ఉంది, కాదనను. నిజం మాత్రం తక్కువ.

మొదటి పొరపాటు, ఆ మూడింటినీ ఒకే గాటన కట్టడం. కరంచంద్ 1985లో దూరదర్శన్‌లో వచ్చింది. పంకజ్ పరాశర్ తీసిన ఆ సీరియల్లో పంకజ్ కపూర్ క్యారెట్ కొరుకుతూ కేసులు తేల్చేవాడు. 1993లో బాసు చటర్జీ బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ కథల్ని బ్యోంకేశ్ బక్షీగా తీశాడు. రజిత్ కపూర్ ఆ పాత్ర వేశాడు. కరంచంద్, బ్యోంకేశ్ ఇద్దరూ ప్రైవేటు మనుషులే. యూనిఫాం లేదు, లాఠీ లేదు, లాకప్పు లేదు. ఎదుటివాడు ‘నీకు జవాబు చెప్పాల్సిన పని నాకేంటి?’ అంటే లేచి బయటికి రావాల్సినవాళ్ళు. చేతిలో అధికారం లేదు కాబట్టే బుర్రతో పని పడింది. అలాగని అవి మచ్చలేనివేం కావు. కరంచంద్ తన అసిస్టెంట్ కిట్టీని మాటిమాటికీ నోరు మూసుకోమంటుంటే ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వు గురించి ఇప్పుడెవరూ మాట్లాడరు.

సీఐడీ దారి వేరు. 1998 జనవరిలో సోనీలో మొదలై 2018 దాకా నడిచింది. నిర్మాత బి.పి. సింగ్‌కి పనితనం లేదని ఎవరూ అనలేరు. 2004లో 111 నిమిషాల ఎపిసోడ్‌ని ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో తీసి చూపించాడు. కానీ జనానికి గుర్తున్నది అది కాదు. ఏసీపీ ప్రద్యుమన్‌గా శివాజీ సాటమ్ వేళ్ళు తిప్పుతూ ఏదో తేడాగా ఉందనడం. ఇన్‌స్పెక్టర్ దయా తలుపు పగలగొట్టడం. ఆ తర్వాత దయా చెంపదెబ్బ. అది పడగానే అంతసేపూ బుకాయించిన మనిషి గడగడా కథంతా చెప్పేస్తాడు. అంటే కేసు తేలేది ఆలోచనతోనా, అరచేత్తోనా?

‘బుర్రకి పదును’ అన్న మాటకొస్తే, మన డెల్టా పల్లెల్లో ఆ రోజుల్లో హిందీ వచ్చినవాళ్ళెందరు? యాంటెన్నా తిప్పి బొమ్మ తెప్పించుకోవడమే సగం పని. మిగతా సగం, హిందీ పరీక్షలు రాసిన వాళ్ళెవరైనా పక్కనుంటే వాళ్ళ నోటివెంట వచ్చిన నాలుగు ముక్కలు. బ్యోంకేశ్ చివర్లో గదిలో కూచుని ఒక్కొక్క చిక్కూ విప్పి చెప్పేదంతా మాటే. మాట అందకపోతే తర్కం అందదు. చెంపదెబ్బకి మాత్రం దుబాసీ అక్కర్లేదు. హిందీ సీరియళ్ళు మన ఊళ్ళకి చేర్చినవి క్యారెట్టు, తలుపు, చెంపదెబ్బ. ఆలోచన దారిలోనే దిగిపోయింది.

మనకి ఆలోచన తెలుగులో దొరికింది, అద్దె పుస్తకాల షాపుల్లో. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు వెంటపడి చదివినవాళ్ళకి అనుమానాన్ని ఆధారంతో తూచి చూడటం కొంతైనా అలవాటయింది. ఆ పుస్తకాల్ని చెత్త అని తిట్టి, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టి చదువుతుంటే లాక్కుని వీపు మీద ఒకటిచ్చిన పెద్దలే, సీఐడీ వస్తే పిల్లల్ని పిలిచి పక్కన కూచోబెట్టుకున్నారు. అది ‘కుటుంబమంతా చూడదగ్గది’ కదా!

అసలు నా అభ్యంతరం ఆ ‘చూడదగ్గది’ దగ్గరే. రక్తం కారితే పిల్లాడి కళ్ళు మూస్తాం. చెంపదెబ్బకి ఎవరూ మూయలేదు. పైగా చప్పట్లు కొట్టాం. ఇప్పటి నరుకుళ్ళలో హింస హింసలాగే కనబడుతుంది. చూసేవాడికి కడుపులో తిప్పుతుంది. సీఐడీలో అది న్యాయం బట్టలు తొడుక్కుని వచ్చింది. తెరమీద ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగులుతుంది, ఎందుకంటే హంతకుడెవరో రచయిత ముందే రాసిపెట్టుకున్నాడు. ఒకవేళ తప్పు మనిషికి తగిలినా, ప్రకటనలు అయ్యేలోపు మనం వాణ్ణి మరిచిపోతాం. బయట అలా కాదు. దెబ్బ ముందు పడుతుంది, దొంగెవరో తర్వాత తేలుతుంది. ఒక్కోసారి తేలదు.

ఈ సంగతి ఇంగ్లీషు దొరలకి కూడా తెలుసు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు నిందితుడు నేరం ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలు అతని మీద రుజువుగా పనికిరాదు. స్టేషన్లో ఒప్పుకోళ్ళు ఎలా పుడతాయో తెలిసే ఆ గీత గీశారు. 2024 జూలై 1న ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. గీత మాత్రం 23వ సెక్షన్‌గా అలాగే ఉంది. అంటే సీఐడీ కేసుల్లో క్లైమాక్స్ అనుకుని మనం మురిసిపోయిన ఘట్టం కోర్టు గుమ్మం దాటదు. ఇరవయ్యేళ్ళు చూసిన ప్రేక్షకుల్లో ఈ ఒక్క ముక్క ఎంతమందికి తెలుసు? ఇదేనా పదును?

ఇక మన ఊళ్ళ సంగతి. చెరువు మీద ఏరేటర్ మోటారు ఎవరో ఎత్తుకుపోయారనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగి తీగ పట్టుకుపోయారనుకోండి. సెంటర్లో మొదట వినబడే మాట ‘నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు’. ఆ ‘వాడు’ ఎవరన్నది చూడండి. మోతుబరి కొడుకు ఎన్నడూ కాడు. పని వెతుక్కుంటూ వచ్చిన కూలీ, చిత్తు ఏరుకునేవాడు, ఊరి చివర గుడారం వేసుకున్నవాడు. కృష్ణ దాటి వెళితే బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. పుట్టుకతోనే నేరస్థులని తెల్లవాళ్ళ చట్టం ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల్ని అక్కడ ఉంచారు. చట్టం రద్దయి తరాలు గడిచినా ఆ ఊరి పేరుని సినిమా టైటిళ్ళకి వాడుకున్నాం. చెంపదెబ్బ గురి అలా ముందే కుదిరి ఉంటుంది.

అప్పటి మన కృష్ణా జిల్లాలోనే జరిగింది చెప్తాను. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకి గురయింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకి పైగా అతను జైల్లో ఉన్నాడు. 2018లో దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్ళి, కథ మళ్ళీ మొదటికొచ్చింది. సీరియల్ అయితే అరెస్టుతో అయిపోయేది. ఇక్కడ అరెస్టు తర్వాతే ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ అమ్మాయి కన్నవాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు.

రెండేళ్ళు తిరక్కుండానే, 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక యువ పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో, అంటే దిశ కేసులో, నిందితులు నలుగుర్నీ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. వారం తిరిగేసరికి మన ఆంధ్ర శాసనసభ ఇలాంటి కేసుల్లో 21 పనిదినాల్లో తీర్పు రావాలని బిల్లు పాస్ చేసింది. 2022లో, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు ప్రాణాలు తీయాలనే ఉద్దేశంతో జరిపినవేనని తేల్చింది. అప్పటికి పూలు చల్లినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు. గంటలో నేరం, దర్యాప్తు, తీర్పు మూడూ అయిపోవాలన్న ఆత్రం మనకి ఊరికే రాలేదు.

‘సీరియల్ చూసి ఎవరు కొడతారండీ? కొట్టడం టీవీకి ముందునుంచే ఉంది’ అంటారు. ఉంది. సీరియల్ పోలీసులకి కొట్టడం నేర్పిందని నేను అనడం లేదు. కొట్టినప్పుడు మనం సరేననడం నేర్పింది అంటున్నాను. తెర మనిషిని తాకదనుకునేవాళ్ళు అమెరికా సంగతి వినాలి. ‘24’ అనే సీరియల్లో హీరో నిందితుల్ని చిత్రహింసలు పెట్టి నిజం రాబట్టేవాడు. 2006లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ డీన్, బ్రిగేడియర్ జనరల్ ప్యాట్రిక్ ఫినెగన్, దాన్ని తీసేవాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఆ దృశ్యాలు తగ్గించమని అడిగాడు. తాను పాఠం చెప్పే కుర్రాళ్ళు చట్టం కంటే ఆ సీరియల్నే నమ్ముతున్నారని అతని బాధ. ఒక సైన్యాధికారికి పట్టిన బెంగ మనకి పట్టకపోవడమేంటి?

కోర్టుల్లో ఏళ్ళూ పూళ్ళూ పడుతోందన్నది నిజమే. ఆ ఆలస్యానికి మందు ఎక్కువమంది జడ్జీలు, దర్యాప్తుకి శిక్షణ, సరైన ఫోరెన్సిక్ ల్యాబులు. సీఐడీలో ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంఖే నిమిషంలో చెప్పే రిపోర్టు కోసం నిజంగా ఎంతకాలం ఆగాలో అడగడం మొదలుపెడితే, మన కోపం సరైన చోటికి వెళుతుంది. చెంపదెబ్బ ఆ కోపాన్ని చవగ్గా చల్లార్చి పంపేస్తుంది.

పాత సీరియళ్ళని తగలబెట్టమనడం లేదు. యూట్యూబ్‌లో మనవళ్ళకి చూపిస్తున్నారుగా, చూపించండి. బ్యోంకేశ్ చూపించి, ఇప్పుడు అర్థమయ్యే హిందీతో ఆ తర్కమంతా విప్పి చెప్పండి. సీఐడీ కూడా చూపించండి. ‘కొట్టకపోతే వాడెందుకు ఒప్పుకుంటాడు తాతయ్యా?’ అని వాడు అడుగుతాడు. అప్పుడు చప్పట్లు ఆపి జవాబు చెప్పండి: వాడు ఒప్పుకోవాల్సిన పని లేదురా, రుజువు చేయాల్సిన పని పోలీసులది.